మిషను బొంత ముడతలు పడకుండా: కుట్టుకు ముందు గుడ్డను సిద్ధం చేసుకునే పద్ధతి

సోలాపూర్‌లో మన పక్కింటి మరాఠీవాళ్ళు దాన్ని గోధడి అంటారు. దక్షిణంగా విజయపుర వైపు పోతే కన్నడిగులు కౌది అంటారు. ఒడిశాలో కంథా. మన ఇండ్లలో మాత్రం ఎన్ని తరాలు గడిచినా అది బొంతే. పాత చీరలు, పంచెలు నాలుగైదు పొరలుగా పరిచి, అంచులు కలిపి, వరుసగా కుట్టు వేస్తే బొంత. పురిటి బిడ్డ కింద పరిచేది అదే, ముసలివాళ్ళ కాళ్ళ మీద కప్పేదీ అదే.

చేతితో బొంత కుట్టే ఓపిక, చూపు ఇప్పుడు కొద్ది ఇండ్లలోనే ఉన్నాయి. కుట్టు మిషను మాత్రం చాలా ఇండ్లలో ఉంది. అందుకని బొంత మిషను మీదికి వచ్చింది. దానితోపాటు ఒక ఫిర్యాదు కూడా వచ్చింది. కుట్టినప్పుడు బాగానే ఉంది, ఒక్క ఉతుకు పడగానే ముడతలు పడింది అంటారు. కొన్నిటికి ఉతుకు దాకా కూడా పోనక్కర లేదు, మిషను పాదం కిందే గుడ్డ గుంజుకుపోతుంది. మా సంఘం గదిలో ఆదివారాలు నడిచే కుట్టు తరగతికి ఈ బాధతో వచ్చినవాళ్ళు చాలామంది. అందరికీ ఒకే జవాబు మళ్ళీ మళ్ళీ చెప్పడం కంటే ఒకచోట రాసి పెట్టడం మేలని ఈ వ్యాసం.

ముందు మా తప్పు చెప్పుకోవాలి. నాలుగేళ్ళ కింద ఒక సభ్యురాలు చనిపోయిన తన తల్లి చీరలు ఆరు తెచ్చారు. అన్నీ నూలు చీరలు, అందులో రెండు తొమ్మిది గజాలవి. అక్కచెల్లెళ్ళు ముగ్గురం, మూడు బొంతలు కావాలి అన్నారు. మేము సంతోషంగా ఒప్పుకున్నాం. అడుగున వేయడానికి బజారులో కొత్త పాప్లిన్ కొన్నాం, మధ్యలో ఫైబర్ షీటు పెట్టాం, వారం రోజుల్లో మొదటి బొంత కుట్టి ఇచ్చాం. నెల తర్వాత ఆమె దాన్ని తిరిగి తెచ్చి బల్ల మీద పరిచారు. ఏమీ అనలేదు. అడుగు గుడ్డ కుంచించుకుపోయి, పైన చీర గడి గడికీ ఉబ్బి, జరీ అంచు పక్కన గట్టి మడతలు పడి, నూనెలో వేయించిన అప్పడంలా ఉంది. తప్పు ఆమె ఉతుకులో లేదు, మిషనులోనూ లేదు. మేమే గుడ్డను ఉన్నదున్నట్టు తెచ్చి కుట్టేశాం. మిగిలిన నాలుగు చీరలను ఏడాది దాకా ముట్టుకోలేదు. ఈలోగా చవక గుడ్డల మీద చేసి చూసి, దర్జీలనూ మగ్గం తెలిసిన పెద్దలనూ అడిగి నేర్చుకున్నదే కింద రాస్తున్నాం.

మొదట అర్థమైంది ఏమిటంటే, మన నాయనమ్మల బొంతలకు ఈ జబ్బు ఎందుకు లేదో. వాళ్ళు కొత్త గుడ్డను బొంతలో వేయలేదు. ఆ చీర పదేళ్ళో పదిహేనేళ్ళో కట్టి, బండ మీద బాది ఉతికి, ఎండలో ఆరేసినది. కుంచించుకోవలసినదంతా ఎప్పుడో కుంచించుకుంది, వదలవలసిన రంగు వదిలింది, గంజి అంతా పోయి మెత్తబడింది. పొరలన్నీ ఒకే రకం నూలు. చేతికుట్టు కొంచెం గుంజినా అన్ని పొరలనూ కలిపి గుంజుతుంది కాబట్టి ఆ చిన్న చిన్న అలలు చూడ ముచ్చటగానే ఉంటాయి. ఇప్పుడు మనం వేసేది దుకాణం నుంచి నేరుగా వచ్చిన గుడ్డ. పదేళ్ళ ఉతుకు చేసిన పనిని రెండు రోజుల్లో మనం చేసుకోవాలి. ఇక్కడ చెప్పేది ఎక్కువగా ఆ రెండు రోజుల పని గురించే. మిషను గురించి చివర కొద్దిగా చెప్తాం.

ముడత ఎక్కడినుంచి వస్తుంది

మగ్గం ఎరిగిన ఇండ్లకు ఇది చెప్పనక్కర లేదు, తక్కినవారికోసం రాస్తున్నాం. గుడ్డలో నిలువు దారాలు పడుగు, అడ్డ దారాలు పేక. నేసేటప్పుడు పడుగు బిగువుగా లాగి ఉంటుంది, తెగకుండా గంజి కూడా పట్టించి ఉంటుంది. ఆ తర్వాత మిల్లులో అద్దకం, ఆరబెట్టడం, చుట్టడం అన్నిట్లోనూ గుడ్డను పొడవునా లాగుతూనే ఉంటారు. ఆ లాగుడు గుడ్డలో దాగి ఉంటుంది. మొదటిసారి బాగా తడిసినప్పుడు నూలు ఉబ్బుతుంది, లాగుడు వదులుతుంది, గుడ్డ వెనక్కి ముడుచుకుంటుంది. అందుకే సాధారణంగా వెడల్పు కంటే పొడవు ఎక్కువ తగ్గుతుంది.

మామూలు నూలు గుడ్డ మొదటి ఉతుకులో నూటికి 3 నుంచి 5 వంతులు తగ్గడం సహజం. పలుచగా నేసినది, ఫ్లానెల్ లాంటిది ఇంకా ఎక్కువ తగ్గవచ్చు. పాలిస్టర్ దాదాపు తగ్గదు. లెక్క వేసి చూడండి. 90 అంగుళాల బొంతలో అడుగు గుడ్డ నూటికి 5 తగ్గితే 4½ అంగుళాలు పోయింది. పైన గుడ్డ తగ్గలేదు. ఆ 4½ అంగుళాల మిగులు గుడ్డ ఎక్కడికి పోతుంది? కుట్టు కుట్టుకూ మధ్య ఉబ్బుగా నిలుస్తుంది. నాలుగు అంగుళాలకు ఒక వరుస వేశారనుకుంటే ప్రతి గడిలోనూ పావు అంగుళానికి కొద్దిగా తక్కువ. ఒక్కో గడిలో చిన్నదే, ఇరవై రెండు గడుల్లో కలిసి అప్పడం.

వయసు మీరినవారికి మిల్లు గుడ్డ అంచు మీద శాన్‌ఫరైజ్డ్ అనే ముద్ర గుర్తుండే ఉంటుంది. అమెరికాలో శాన్‌ఫర్డ్ క్లూయెట్ అనే ఆయన 1930లో పేటెంటు పొందిన పద్ధతి అది. గుడ్డను కొనేవారు ఉతకకముందే మిల్లులోనే యంత్రంతో కుదించడం దాని పని. అలాంటి గుడ్డ తక్కువ తగ్గుతుంది. అయినా దుకాణదారు ‘ఇది తగ్గదు’ అన్న మాట మీద బొంత కుట్టవద్దు. మాకు ఆ పాప్లిన్ అమ్మినప్పుడూ ఆ మాటే చెప్పారు.

రెండో కారణం గుడ్డ సాగడం. పడుగు వెంట గుడ్డ తక్కువ సాగుతుంది, పేక వెంట కొంచెం, ఏటవాలుగా అంటే క్రాసులో బాగా సాగుతుంది. క్రాసుగా కత్తిరించిన ముక్క మిషను కింద సాగి, వదిలాక ముడుచుకుంటుంది. మూడో కారణం పొరలు జరగడం. మిషను పళ్ళు అడుగు పొరను వెనక్కి లాగుతాయి, పై పొరను పాదం రాపిడితో ఆపుతుంది. ఒక్కో కుట్టుకు వెంట్రుకవాసి తేడా, 90 అంగుళాలు పోయేసరికి పైన గుడ్డ అంగుళం ముందుకు వచ్చి కూర్చుంటుంది. అడ్డ వరుస దాన్ని దాటేటప్పుడు అది మడత పడుతుంది. ఈ రెండింటికీ కూడా మందు చాలావరకు కుట్టుకు ముందే ఉంది.

పరీక్ష ముక్క

గుడ్డ కొనేటప్పుడు అర మీటరు ఎక్కువ కొనండి. అందులోంచి ఒక ముక్క తీసి, దాని మీద 12 అంగుళాల చదరం గీయండి. సుద్దతో గీస్తే ఉతుకులో పోతుంది, చెరగని పెన్నుతో గీయాలి. పడుగు ఏ వైపో బాణం గుర్తు పెట్టండి. బొంతను రేపు మీ ఇంట్లో ఎలా ఉతుకుతారో ఈ ముక్కను అలాగే ఉతకండి. వాషింగ్ మిషనులో వేసేవారైతే అందులోనే, వేడినీళ్ళు వాడేవారైతే వేడినీళ్ళతోనే. ఆరాక ఇస్త్రీ చేసి రెండు వైపులా కొలవండి. 12 అంగుళాల్లో ఎనిమిదో వంతు అంగుళం, మా దర్జీల భాషలో ఒక సూత్, తగ్గితే సుమారు నూటికి ఒకటి. మూడు సూత్‌లు తగ్గితే నూటికి మూడు.

బొంతలో వేసే ప్రతి రకం గుడ్డకూ ఈ పరీక్ష చేసి ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. రిజిస్టరు రాయడం మాకు ఉద్యోగంలో పట్టిన రోగం, తరగతిలో అందరూ నవ్వుతారు. కానీ పైన గుడ్డకూ అడుగు గుడ్డకూ తేడా నూటికి ఒకటి లోపల ఉంటే కంటికి పెద్దగా కనపడదనీ, రెండు దాటితే తప్పక కనపడుతుందనీ మాకు తెలిసింది ఆ పుస్తకం వల్లనే.

ఉతుకు

పరీక్షలో ఎంత తగ్గిందో తెలిసింది కదా అని ఆ మేరకు పెద్దగా కోసి కుట్టడం కుదరదు. మొత్తం గుడ్డను ముందే తగ్గించాలి. కోసిన అంచులు పీచు లేవకుండా పెద్ద కుట్టు వేసుకోండి, పీకో ఉంటే ఇంకా మంచిది. మడతలు విప్పి రాత్రంతా మామూలు నీళ్ళల్లో నానబెట్టండి. మడత మీద నానిన గుడ్డ మడత దగ్గర సరిగా తడవదు. పొద్దున సబ్బుతో ఉతికి, ఆరబెట్టి, మరోసారి ఉతకండి. రెండు ఉతుకులు ఎందుకంటే మొదటిదాంట్లో గంజి పోతుంది, రెండోదాంట్లో మిగిలిన లాగుడు పోతుంది. మా కొలతల్లో రెండో ఉతుకులోనూ కొన్ని గుడ్డలు ఒక సూత్ తగ్గాయి.

పిండేటప్పుడు మెలి తిప్పవద్దు. దండెం మీద సగానికి వేసి, పొడవు నేరుగా కిందికి వేలాడేలా ఆరేయాలి. మూల పట్టుకొని క్లిప్పు పెడితే బరువుకు ఆ మూల సాగుతుంది. కొంచెం తడి ఉండగానే తీసేయండి, దాని అవసరం ముందు చెప్తాం.

ఎరుపు, నలుపు, ముదురు నీలం గుడ్డలను విడిగా, నీళ్ళు తెల్లగా వచ్చేదాకా ఉతకాలి. తడి తెల్లగుడ్డతో రుద్ది చూస్తే రంగు అంటుతుందో లేదో తెలుస్తుంది. ఉప్పు వేస్తే రంగు ఆగుతుందన్న నమ్మకం మన ఇండ్లలో గట్టిగా ఉంది, కానీ ఇప్పటి రంగుల విషయంలో దాని మీద ఆధారపడవద్దు.

ఎంత గుడ్డ కొనాలని అడుగుతారు. 60 కి 90 అంగుళాల బొంతకు అడుగు గుడ్డ అన్ని వైపులా 3 అంగుళాలు ఎక్కువ ఉండాలి. అంటే పొడవు 96, తగ్గుదలకు 5 కలిపితే 101 అంగుళాలు, సుమారు 2.6 మీటర్లు. 36 అంగుళాల పన్నా అయితే రెండు పొడవులు జత చేయాలి. ఒక్కొక్కటి 2.75 మీటర్లు లెక్కన రెండింటికి ఐదున్నర, పరీక్షకు అర మీటరు కలిపి 6 మీటర్లు కొంటే చాలు.

జత చేసేముందు గుడ్డ పక్క అంచును రెండు వైపులా అర అంగుళం కోసి తీసేయండి. అంచు నేత గట్టిగా ఉంటుంది, తక్కిన గుడ్డతో సమంగా తగ్గదు. దాన్ని కుట్టులో వదిలితే బొంత నడుమ తాడు కట్టినట్టు నిలువునా గుంజుతుంది.

పాత చీరలైతే

పాత నూలు చీరకు తగ్గుదల భయం లేదు. వేరే భయాలు ఉన్నాయి. వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి. కూర్చునే చోట, కుచ్చిళ్ళ దగ్గర, భుజం దగ్గర గుడ్డ జల్లెడలా పలుచబడి ఉంటుంది. రెండు బొటనవేళ్ళతో కొంచెం లాగితే చిరుగుతుందంటే అది పై పొరకు పనికిరాదు, లోపలి పొరకు వాడండి.

జరీ అంచుతో చాలా జాగ్రత్త. అంచు నేత దట్టం, చీర నడిమి భాగం పలుచన. ఒకే చీరలో పక్కపక్కనే ఉన్నా అవి రెండు వేర్వేరు గుడ్డలని అనుకోవాలి. ఆ సభ్యురాలి బొంతలో గట్టి మడతలు పడింది సరిగ్గా ఆ గీత వెంటే. అంచును విడిగా కోసి, ఉతికి ఇస్త్రీ చేసి, బొంత చుట్టూ పట్టీగా వేసుకోవచ్చు. పట్టీ పొడవు తీసుకునేటప్పుడు బొంత అంచు వెంట కొలవకుండా బొంత నడుమ కొలవండి. అంచు ఎప్పుడూ కొంచెం సాగి ఉంటుంది. ఆ కొలతకు పట్టీ కోస్తే బొంత చుట్టూ గౌను కుచ్చులా అలలు వస్తాయి.

చీర నూలో పాలిస్టర్ కలిసినదో తెలియకపోతే ఒక పోగు లాగి, పళ్ళెం మీద పట్టకారుతో పట్టుకొని అగ్గిపుల్ల చూపించండి. నూలు కాగితంలా కాలి బూడిద రాలుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా అవుతుంది. పాలిస్టర్ చీర పైన, కొత్త నూలు గుడ్డ అడుగున అనేది అన్నిటికంటే చెడ్డ జోడీ. పట్టుచీరలను ఉతికే బొంతలో వేయవద్దని మా మాట. జ్ఞాపకం కోసం తప్పదంటే ఉతకని గోడ బొంతగా కుట్టుకోండి.

అడుగున ఏం వేయాలని అడిగితే ఇప్పుడు మేము ఇచ్చే సలహా ఒకటే. పాత చీరల బొంతకు అడుగున పాత నూలు దుప్పటి వేయండి. డబుల్ కాట్ దుప్పటి అయితే జత కుట్టు కూడా అక్కర లేదు. కొత్త గుడ్డ మీద డబ్బు పెట్టి, ఉతికి, కొలిచి పడే శ్రమ అంతా తప్పుతుంది. అది చూడటానికి కొత్తగా ఉండదు, అంతే.

పోగు సరిచేయడం, గంజి, ఇస్త్రీ

ఉతికిన గుడ్డను పొడవునా మడిచి పక్క అంచులు కలపండి. కోసిన కొస సూటిగా కలవకపోతే గుడ్డ అడ్డం తిరిగినట్టు. ఒక పేక పోగు లాగి ఆ గీత వెంట కోస్తే అసలు అడ్డం ఎక్కడో తెలుస్తుంది. పాప్లిన్ అయితే చిన్న గాటు పెట్టి చింపినా ఆ గీతే వస్తుంది. ఇంకా వంకర ఉంటే తడిగా ఉన్నప్పుడే ఇద్దరు ఎదురెదురు మూలలు పట్టుకొని ఏటవాలుగా మెల్లగా లాగాలి. మన పెద్దవాళ్ళు చీర మడత పెట్టేటప్పుడు ఇద్దరు చెరో కొస పట్టి ఝాడించి లాగేవారు కదా, అదే పని.

తర్వాత గంజి. ఉతికి గంజి పోగొట్టిన గుడ్డకు మళ్ళీ గంజి ఎందుకని మమ్మల్ని చాలామంది అడిగారు. మిల్లు గంజి లాగుడుతోపాటు ఉంది, ఇది లాగుడు పోయాక పెట్టేది. గంజి పెట్టిన గుడ్డ కాగితంలా నిలుస్తుంది, క్రాసులో సాగదు, పాదం కింద జారదు. సగ్గుబియ్యం గంజిని పలుచగా కాచి, గుడ్డలో వడగట్టి, ఉండ లేకుండా చూసుకోండి. ఉండ ఉంటే సూదికి అడ్డు, మరక కూడా. పైన గుడ్డకూ అడుగు గుడ్డకూ పెట్టాలి, లోపలి పొరకు వద్దు. బొంత పూర్తయ్యాక ఒకసారి ఉతికి గంజి తీసేయండి, లేకపోతే పెట్టెలో బొద్దింకలకు విందు.

ఇస్త్రీ తడి మీదే చేయాలి. పెట్టెను గుడ్డ మీద ముందుకూ వెనక్కూ తోయవద్దు. పెట్టాలి, ఎత్తాలి, పక్కన పెట్టాలి. తోస్తే మనం సరిచేసిన పోగు మళ్ళీ వంకర పోతుంది. ముక్కలు జత చేసి పై గుడ్డ తయారు చేసేవారు ప్రతి జతకూ వెంటనే ఇస్త్రీ చేయండి. చివర ఒకేసారి చేద్దామంటే కుట్టు దగ్గర దాగిన చిన్న మడతలు అలాగే ఉండిపోతాయి.

లోపలి పొర

మిషను బొంతకు పాత నూలు చీరలు రెండు మూడు పొరలు మంచివి. అవి ఇప్పటికే తగ్గినవి, పలుచన, సూదికి సులువు. దూదేకులవాళ్ళు ఏకిన విడి దూది మిషనుకు పనికిరాదు, కదిలి ఉండలు కడుతుంది. దానికి చేతికుట్టే సరి. మన ఊరి పేరు మోసిన సోలాపూర్ చెద్దరు పాతబడితే లోపల వేద్దామని మేమూ ఆశపడ్డాం. ఉతికి ఉతికి స్థిరపడిన గుడ్డ కాబట్టి ముడత పడలేదు, కానీ ఇంటి మిషనుకు ఆ మందం ఎక్కువ, ఒక్క పూటలో మూడు సూదులు విరిగాయి.

ఫైబర్ షీటు వేసేవారు చుట్ట విప్పి ఒక రోజు నేల మీద పరిచి వదిలేయండి, మడతలు వాటంతటవే పోతాయి. ఇస్త్రీ పెట్టకండి, కరుగుతుంది. అది ఉతుకులో తగ్గదు కాబట్టి పైనా కిందా వేసే నూలు గుడ్డలు పూర్తిగా తగ్గినవే అయి ఉండాలి. నూలు షీటు అయితే అదీ తగ్గుతుంది. దాన్ని పిండకుండా నీళ్ళల్లో ముంచి, పరిచి ఆరబెట్టాలి.

పరచడం, టాకాలు

అందరూ తొందరపడేది ఇక్కడే. నేల శుభ్రంగా తుడిచి అడుగు గుడ్డను తలకిందుగా, అంటే మంచి వైపు నేలకు ఉండేలా పరవండి. నాలుగు వైపులా మధ్యలో ఒక్కొక్క టేపు ముక్క అతికించి, తర్వాత మూలల వైపు పోతూ అతికించండి. గుడ్డ మీద ముడత పోవాలి, అంతే. తప్పెట తోలులా బిగించవద్దు. బిగిస్తే గుడ్డ సాగి ఉంటుంది, టేపు తీయగానే వెనక్కి పోయి పై గుడ్డను ఉబ్బిస్తుంది. అరచేత్తో నిమిరితే జరగకూడదు, వేలితో మీటితే మోగకూడదు.

దాని మీద లోపలి పొర, నడుమ నుంచి అంచులకు నిమురుతూ. దాని మీద పై గుడ్డ, మంచి వైపు పైకి. మూడింటి నడుమలూ కలవాలి, ముందే మడిచి నడిమి గీతకు ఇస్త్రీ గుర్తు పెట్టుకుంటే సులువు.

ఇప్పుడు పిన్నీసులు. నడుమ నుంచి మొదలుపెట్టి అంచుల వైపు, పిడికిలి వెడల్పుకు ఒకటి, అంటే సుమారు 4 అంగుళాలకు ఒకటి పెట్టాలి. 60 కి 90 బొంతకు 15 వరుసలు, వరుసకు 22, మొత్తం 330 పిన్నీసులు. ఈ అంకె చెప్పగానే తరగతిలో ఎవరో ఒకరు లేచి నిలబడతారు. అన్ని పిన్నీసులు లేకపోతే చేతి టాకాలు వేయండి. తెల్లదారంతో రెండేసి అంగుళాల పెద్ద కుట్లు, నాలుగు అంగుళాలకు ఒక వరుస, నడుమ నుంచి నాలుగు వైపులకూ. రంగుదారం వద్దు, గంజి తడికి మరక దిగుతుంది. పిన్నీసు అయినా టాకా అయినా కుట్టు గీత మీద రాకుండా పక్కన ఉండాలి. అరవై పిన్నీసులతో పని కానిచ్చేద్దామని మేమూ చూశాం. ఆ బొంత అడుగున ఒక జానెడు మడత కుట్టులో పడిపోయింది, పైనుంచి తెలియనే లేదు.

టేపు తీసి బొంతను తిరగేసి అడుగు వైపు మొత్తం అరచేత్తో నిమిరి చూడండి. ఎక్కడైనా ఉబ్బు తగిలితే అక్కడి పిన్నీసులు తీసి మళ్ళీ పెట్టండి. ఈ ఐదు నిమిషాల పని మానేస్తే తర్వాత ఐదు గంటలు కుట్లు విప్పుకోవాలి.

మిషను సంగతి

సూది కొత్తది వేయండి. రెండు పలుచని పొరలైతే 14, మందంగా ఉంటే 16. మొండి సూది గుడ్డను గుచ్చకుండా తోస్తుంది. పైన, బాబిన్‌లో ఒకే దారం వాడండి. బాబిన్ నింపేటప్పుడు దారాన్ని వేలితో లాగి పట్టవద్దు. సాగే పాలిస్టర్ దారం బిగువుగా చుట్టుకొని, కుట్టులో పడ్డాక వెనక్కి ముడుచుకొని గుడ్డను లాగుతుంది. కుట్టు పొడవు అంగుళానికి 8 నుంచి 10. చిన్న కుట్టు వేస్తే గట్టిగా ఉంటుందనుకుంటారు, బొంతలో అది గుంజుతుంది.

నల్ల మిషను తల మీద పాదం కడ్డీకి ఒక మర ఉంటుంది. దాన్ని కొంచెం వదులు చేస్తే పాదం ఒత్తిడి తగ్గి పై పొర తక్కువ జరుగుతుంది. వాకింగ్ ఫుట్ అనే పాదం దొరికితే కొనండి. దానికి కూడా పళ్ళుంటాయి, పై పొరను అడుగు పొరతో కలిపి నడిపిస్తుంది. మీ మిషనుకు సరిపోతుందో లేదో పాత పాదం పట్టుకెళ్ళి పోల్చి చూసి కొనండి.

మొదట నడుమ ఒక నిలువు వరుస, ఒక అడ్డ వరుస. తర్వాత ఒక్కో భాగం నింపుకుంటూ అంచులకు రావాలి. పక్కపక్క వరుసలను ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి కుట్టవద్దు, రెండు వరుసల మధ్య గుడ్డ ఏటవాలుగా ఈడ్చుకుపోతుంది. అన్నీ ఒకే కొస నుంచి మొదలుపెట్టండి. బొంత బరువు బల్ల కిందికి వేలాడకుండా పక్కన కుర్చీ వేసి దాని మీద పెట్టండి. చేత్తో ముందుకు తోయడం, వెనక లాగడం రెండూ వద్దు.

ఇప్పటికే ముడత పడి ఉంటే

ముడత కుట్టు జరుగుడు వల్ల వచ్చిందా, తగ్గుదల వల్ల వచ్చిందా ముందు చూడండి. ఒక్కచోటే, వరుసలు దాటే దగ్గర మడత ఉంటే అది జరుగుడు. ఆ రెండు మూడు వరుసలు ఒక జానెడు మేర విప్పి, గుడ్డ సర్ది, టాకా వేసి మళ్ళీ కుడితే సరిపోతుంది. బొంత అంతటా ప్రతి గడీ ఉబ్బి ఉంటే అది తగ్గుదల, ఇస్త్రీతో పోదు. పైన గుడ్డ కొత్తదీ గట్టిదీ అయితే మొత్తం విప్పి, అన్నిటినీ మళ్ళీ ఉతికి మొదలుపెట్టవచ్చు. పైన పాత చీర అయితే విప్పే ముందు మూలలో ఒక వరుస మాత్రమే విప్పి సూది రంధ్రాలు చూడండి. పాత నూలు ఆ రంధ్రాల వెంట తపాలా బిళ్ళలా చినుగుతుంది. చినిగేలా ఉంటే విప్పకండి, ఆ ముడతలతోనే వాడుకోండి, వెచ్చదనానికి లోటు లేదు.

ఆ సభ్యురాలి మొదటి బొంతను మేము ఇది తెలియక ముందే మొత్తం విప్పేశాం. రెండు చీరలు కలిపి గట్టిగా మిగిలిన గుడ్డ 36 అంగుళాల చదరానికే సరిపోయింది. మిగతా నాలుగు చీరలతో రెండు బొంతలు పైన చెప్పిన పద్ధతిలో కుట్టి ఆమె చెల్లెళ్ళకు ఇచ్చాం, ఆమె తన వంతు ఈ చిన్నదే చాలన్నారు. దాన్ని మనవడి తొట్టిలో పరిచే బొంతగా కుట్టాం. అడుగున ఆమె తండ్రి పాత పంచె వేశాం. నోటుపుస్తకంలో దాని కొలత మూడు ఉతుకుల తర్వాత కూడా 36 గానే ఉంది.